ఉత్తుత్తి ఆటకు ముప్పావుగంట కావాలి

సంపాదకుల గారికి,

నాలుగు కుర్చీలు వరసగా పెట్టి బస్సు చేసుకున్న పిల్లల్ని చూడగానే పెద్దల నోట వచ్చే మొదటి మాట ‘ఇల్లు పీకి పందిరేస్తున్నారు, కాసేపు కుదురుగా కూర్చోలేరా’ అని. ఇలాంటి ఆట గోల అనీ, వానొచ్చి బయటికి వెళ్లలేని రోజు కాలక్షేపమనీ చాలామంది అనుకుంటారు. అక్షరాలకూ అంకెలకూ పోగా మిగిలిన పదిహేను నిమిషాలు దీనికి విదిలించే బడులూ ఉన్నాయి. 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయులుగా, శిశు వికాసం చదువుకున్నవాళ్లుగా మేము చెప్పదలచుకున్నది ఒకటే. పెద్దలు కోరే ఆ కుదురు పిల్లలకు అలవడే చోట్లలో ఈ ఆట ముఖ్యమైనది. కాబట్టి దాన్ని ఆపకండి. దానికి చోటూ సమయమూ ఇవ్వండి.

ఏ ఆట గురించి అంటున్నామో ముందు తేల్చుకోవాలి. గదిలో ఊరికే పరుగులు పెట్టడం ఇది కాదు. పాట వస్తుంటే గెంతడం, టీచరు చెప్పగానే ఏనుగులా నాలుగడుగులు వేసి ఆగిపోవడం కూడా కాదు. ఇజ్రాయెల్ పరిశోధకురాలు సారా స్మిలాన్‌స్కీ 1968లో దీనికి ఆరు గుర్తులు చెప్పారు, అవి ఇప్పటికీ పనికొస్తున్నాయి. పిల్లవాడు ఒక పాత్ర తీసుకోవాలి. ఒక వస్తువును ఇంకొకటి అనుకోవాలి. లేని పనినీ లేని చోటునూ మాటలతో, చేతలతో కల్పించాలి. ఆటలో కనీసం పది నిమిషాలు నిలవాలి. కనీసం ఇద్దరు ఉండాలి. వాళ్లు ఆ కథ గురించి మాట్లాడుకోవాలి. వీటికి మేము ఒళ్లు కదలడాన్ని చేరుస్తాం. బల్ల మీద చిన్న బొమ్మలతో నడిపే కథ కూడా మంచిదే. కానీ పిల్లవాడు తానే డ్రైవరై, తానే ఎలుగుబంటై పాకుతున్నప్పుడు మనసుకు తోడు ఒళ్లు కూడా ఆ పాత్ర పని చేయాల్సి వస్తుంది.

ఇది ఒక్కసారిగా రాదు. ఏడాది దాటిన కొన్ని నెలలకు ఖాళీ కప్పు నోటి దగ్గర పెట్టుకుని తాగినట్టు చేయడం మొదలవుతుంది. రెండేళ్లకు అదే కప్పును బొమ్మ నోటికి అందిస్తారు. మూడేళ్లకు ‘నేను డాక్టర్ని’ అంటారు. నాలుగు, ఐదేళ్లకు నలుగురు కలిసి కథ నడుపుతారు. పిల్లలు మొదట ఒంటరిగా, తర్వాత పక్కపక్కన ఎవరి ఆట వారిగా, ఆ తర్వాత కలిసి ఆడతారని అమెరికా పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ 1932లోనే గమనించి రాశారు. అందుకని ఇద్దరు మూడేళ్ల పిల్లలు పక్కపక్కనే ఎవరి బస్సు వాళ్లు నడుపుకుంటుంటే ‘కలిసి ఆడుకోండి’ అని తొందరపెట్టాల్సిన పని లేదు. ఒకరినొకరు చూస్తూనే ఉంటారు. ఒకరి హారన్ ఇంకొకరి బస్సులోకి తొందరలోనే వెళ్తుంది.

ఇక కుదురు సంగతి. రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ 1933లో ఆట గురించి ఇచ్చిన ఉపన్యాసంలో అసలు విషయం పట్టుకున్నారు. ఉత్తుత్తి ఆటలో పిల్లలు తమకు తోచినట్టు చేస్తారని మనం అనుకుంటాం. నిజానికి ప్రతి పాత్రకూ నియమాలుంటాయి, పిల్లలు వాటికి కట్టుబడి ఉంటారు. పేషెంటు పడుకోవాలి, లేచి పరిగెత్తకూడదు. సిగ్నల్ ఎర్రగా ఉంటే డ్రైవరు ఆగాలి, ఎంత ఉబలాటంగా ఉన్నా సరే. ఆగమని పెద్దలు చెబితే మొరాయించే పిల్లవాడు ఆటలో తనంతట తానే ఆగుతాడు, ఎందుకంటే ఆగకపోతే ఆట చెడిపోతుంది. సోవియట్ యూనియన్‌లో మనుయిలెంకో 1940లలో చేసిన పరిశోధన దీన్ని చక్కగా చూపించింది. కదలకుండా నిలబడమని ఊరికే చెప్పినప్పటికంటే, కాపలా సైనికుడి పాత్ర ఇచ్చినప్పుడు పిల్లలు చాలా ఎక్కువసేపు నిలబడ్డారు. నాలుగైదేళ్ల పిల్లల్లో ఈ తేడా బాగా కనిపించింది. అమెరికాలో 2017లో ప్రచురించిన మరో అధ్యయనంలో 4, 6 ఏళ్ల పిల్లలకు విసుగు పుట్టించే పని ఒకటి పది నిమిషాలు ఇచ్చారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వదిలేసి పక్కనున్న వీడియో గేమ్ ఆడుకోవచ్చని కూడా చెప్పారు. తమను తాము బ్యాట్‌మ్యాన్ వంటి పాత్రగా అనుకుంటూ పనిచేసిన పిల్లలే అందరికంటే ఎక్కువసేపు ఆ పనిలో ఉన్నారు.

దీన్ని ఇంట్లో ఆడించడానికి సులువైన ఆట నిద్రపోయే సింహం. మూడు మీటర్ల గది చాలు. ఒక పిల్ల సింహమై గది మధ్యలో కళ్లు మూసుకుని పడుకుంటుంది. మిగతావాళ్లు ఈ గోడ నుంచి ఆ గోడకు మోకాళ్ల మీద చప్పుడు కాకుండా పాకాలి, అక్కడున్న ‘సింహం పిల్లను’ (ఒక మెత్తటి బొమ్మ) తీసుకుని వెనక్కి రావాలి. చప్పుడు వినిపిస్తేనే సింహం లేవాలి. పాకేవాళ్లు ఒంటిని అదుపులో పెట్టుకుంటారు, కానీ అసలు కష్టమైన పని సింహానిది. లేచి గాండ్రించాలన్న కోరికను చప్పుడు వినబడేదాకా అది పట్టి ఉంచుకోవాలి. ఇక్కడ పెద్దలు ఒక పొరపాటు తరచుగా చేస్తారు, దొరికినవాళ్లను ‘ఔట్’ అని పక్కన కూర్చోబెడతారు. ఒంటి మీద అదుపు తక్కువున్న పిల్లలే ముందు దొరుకుతారు, అంటే సాధన ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతుంది. దొరికినవాళ్లను సింహం పక్కన ఇంకో సింహంగా పడుకోబెడితే ఆ ఇబ్బంది ఉండదు. నాలుగేళ్లలోపు పిల్లలకు సింహంగా పడుకోవడం అర నిమిషమైతే చాలు. సాధ్యమైనదానికంటే ఎక్కువసేపు పట్టి ఉంచితే ఆట విసుగైపోతుంది.

ఒంటి విషయానికి వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం 3, 4 ఏళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రకంగా కదలాలి. అందులో కనీసం 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేంత చురుగ్గా ఉండాలి. కూర్చుని తెర చూసే సమయం గంటకు మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. ఇంట్లో ఆడే ఆటతో ఆ 60 నిమిషాలూ పూర్తవుతాయని మేము అనం, బయటి పరుగు బయట ఉండాల్సిందే. కానీ మిగతా కదలికలో పెద్ద భాగం గదిలోనే దొరుకుతుంది, పైగా పరుగులో రాని కదలికలు కొన్ని ఇక్కడే వస్తాయి. ఎలుగుబంటిలా అరచేతులూ పాదాలూ ఆనించి నడిస్తే భుజాలూ మణికట్లూ బరువు మోస్తాయి, పెన్సిల్ పట్టే చేతికి ఆ బలం తర్వాత అక్కరకొస్తుంది. ఎండ్రకాయలా వెల్లకిలా పైకి లేచి పక్కకు నడిస్తే పొట్ట, వీపు కండరాలు పనిచేస్తాయి. అరగంట ఒంగిపోకుండా కూర్చోవాలంటే కావాల్సినవి అవే. కుడిచేత్తో ఎడమవైపున్న ‘స్టీరింగ్’ అందుకోవడం, ఒంటి కాలి మీద కొంగలా నిలబడడం, సొరంగంలో తల తగలకుండా దూరడం ఇవన్నీ తన ఒళ్లు ఎంత మేర ఉందో, ఎక్కడ ఎంత బలం పెట్టాలో నేర్పుతాయి. కింది అంతస్తువాళ్లకు ఇబ్బంది అని భయపడేవాళ్లు గెంతే పాత్రలు తగ్గించి, పాకే పాత్రలు, నెట్టే పాత్రలు ఎంచుకోవచ్చు. బట్టల బుట్టలో మూడు కిలోల పుస్తకాలు వేసి, కింద మందపాటి తువ్వాలు పరిచి, ‘సరుకుల బండి’ అని నెట్టిస్తే చప్పుడు రాదు, ఒళ్లు మాత్రం బాగా అలుస్తుంది.

భాష విషయంలో ఈ ఆట చేసే మేలు పక్కన కూర్చుని వింటే తెలుస్తుంది. ‘నువ్వు డాక్టరువంట, నేనేమో మా పాపని తీసుకుని పరిగెత్తుకుంటూ వస్తానంట, నువ్వు ముందు లోపలికి రానివ్వవంట’ అని ఒక పిల్ల అంటుంది. ఆ క్షణంలో ఆమె కథ బయట నిలబడి దర్శకత్వం చేస్తోంది. మరుక్షణం కథలోకి దూకి గొంతు మార్చి ‘డాక్టరు గారూ, పాపకి జ్వరం’ అంటుంది. స్నేహితురాలికి ‘నువ్వు’, డాక్టరుకు ‘గారు’, బొమ్మకు ‘ఏడవకు తల్లీ’. ఎవరితో ఎలా మాట్లాడాలో విడిగా పాఠం చెప్పకుండానే సాధన జరిగిపోతోంది. ముందు, తర్వాత, అయినా, లేకపోతే, కాబట్టి వంటి మాటలు కథ నడవాలంటే తప్పవు. ‘ఎందుకు రానివ్వను?’ అని ఇంకో పిల్ల అడిగితే కారణం కల్పించి చెప్పాలి. చదవడం మొదలుపెట్టాక కథ అర్థం చేసుకోవడానికి పనికొచ్చే నేర్పు ఇదే.

ఉన్నదానికీ అనుకున్నదానికీ తేడా పిల్లలు చెరిపేస్తారని కొందరు పెద్దలు భయపడతారు. అది అక్కర్లేని భయం. ఆలన్ లెస్లీ అనే పరిశోధకుడు ఖాళీ కప్పుల్లోకి ఖాళీ గిన్నెతో ఉత్తుత్తి టీ పోయించి, ఒక కప్పును బోర్లించి, మళ్లీ పక్కన పెట్టి, ఏ కప్పు ఖాళీగా ఉందని అడిగితే రెండేళ్లు దాటిన పిల్లలు బోర్లించిన కప్పునే చూపించారు. రెండూ నిజానికి ఖాళీవే. ఒకే కప్పు గురించి రెండు లెక్కలు, అసలుదీ అనుకున్నదీ, కలిసిపోకుండా తలలో పెట్టుకోవడం అంత చిన్న వయసులోనే వస్తుందన్నమాట. కర్రను గుర్రం చేసుకున్న పిల్లవాడికి అది కర్ర అని బాగా తెలుసు. ఒక వస్తువు మరొకదానికి గుర్తుగా నిలుస్తుందని తెలిసిన పిల్లవాడికి, ఒక గీత ఒక ధ్వనికి గుర్తుగా నిలవడం అంత వింతగా అనిపించదు.

లెక్కలు కూడా దారిలోనే దొరుకుతాయి. బస్సులో అయిదు సీట్లు, ఆరుగురు ప్రయాణికులు. ఎవరు నిలబడాలి? టికెట్లు ఎన్ని చింపాలి? వంతెన కింద నుంచి, కుర్చీల మధ్య నుంచి, దిండు మీదుగా అంటూ ఒంటితో చేసిన పనికి మాట తోడైతే దిక్కులూ దూరాలూ పుస్తకంలో బొమ్మ చూపించినప్పటికంటే గట్టిగా పట్టుబడతాయి. ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిలు అక్కడ పెట్టి వదిలేయండి. టికెట్టు మీద గీతలు, మందుల చీటీ మీద మెలికలు వాటంతటవే వస్తాయి. వాటిని దిద్దకండి.

భయాల సంగతి కూడా చెప్పాలి. సూది వేయించుకుని వచ్చిన పిల్ల వారం పాటు బొమ్మలకూ నాన్నకూ సూదులు వేస్తూ ఉంటుంది. ఆసుపత్రిలో తన ఒంటి మీద తనకు అధికారం లేదు, ఆటలో అధికారం తన చేతికి వచ్చింది. తనను భయపెట్టినదాన్ని తన వేగంతో, తనకు కావాల్సినన్ని సార్లు, తాను కోరినట్టు ముగిసేలా మళ్లీ నడుపుకుంటోంది. ‘ఎన్నిసార్లు అదే ఆట’ అని విసుక్కోవద్దు. కొత్త బిడ్డ పుట్టిన ఇంట్లో పెద్దపిల్ల మళ్లీ పసిపాపలా పాకుతూ ఏడుపు నటించడం కూడా ఇలాంటిదే. పది నిమిషాలు ఆమెను పాపాయిలాగే ఎత్తుకుని ఆడించండి. ఒకే దృశ్యం రోజులకొద్దీ ఏ మార్పూ లేకుండా, సంతోషం లేకుండా, బిగుసుకుపోయిన ముఖంతో తిరిగి తిరిగి వస్తుంటే మాత్రం అది వేరే సంగతి. అప్పుడు పిల్లల డాక్టరుతో గానీ కౌన్సెలర్‌తో గానీ మాట్లాడాలి.

ఇన్ని మేళ్లు చెప్పాక ఒక జాగ్రత్త కూడా చెప్పడం మా బాధ్యత. అమెరికా మనస్తత్వవేత్త ఏంజలీన్ లిల్లార్డ్, ఆమె సహ పరిశోధకులు 2013లో ఈ రంగంలోని అధ్యయనాలన్నీ పరిశీలించి, ఉత్తుత్తి ఆట వల్లనే తెలివి పెరుగుతుందని గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవని తేల్చారు. భాష, కథ చెప్పే నేర్పు, ఉద్వేగాల అదుపు విషయాల్లో సంబంధం ఉండవచ్చు, కానీ వాటికి వేరే దారులు కూడా ఉన్నాయి. ఇది నిజాయితీ గల మాట, మేము దాన్ని ఒప్పుకుంటాం. కాబట్టి ఈ ఆటతో మార్కులు పెరుగుతాయని ఎవరైనా సామాన్ల పెట్టె అమ్మజూపితే నమ్మవద్దు. మేము చెప్పేది అంతకంటే చిన్నది. ఈ వయసు పిల్లలు తమంతట తాము ఎంచుకుని, ఎవరూ పొగడకపోయినా అరగంట పైన కష్టపడి చేసే పనులు ఎక్కువ ఉండవు. అలాంటి చోట అదుపు, భాష, సర్దుకుపోవడం సాధన అవుతుంటే దాన్ని తీసేసి ఆ సమయంలో ఇంకో వర్క్‌షీట్ పెట్టడం తెలివైన బేరం కాదు.

ఎలా ఏర్పాటు చేయాలో ఒక్క ఆటను పూర్తిగా చెబుతాం, మిగతావి దాన్నిబట్టి మీరే అల్లుకోగలరు. ఆట పేరు ‘నది దాటించడం’. ఇద్దరి నుంచి నలుగురు పిల్లలకు రెండున్నర మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఖాళీ నేల సరిపోతుంది. రెండు దుప్పట్లు, మూడు బరువైన కుర్చీలు, ఆరు బట్టల క్లిప్పులు, అయిదారు అట్టముక్కలు లేదా పాత యోగా మ్యాటు నుంచి కత్తిరించిన చతురస్రాలు, ఒక అట్టపెట్టె, నాలుగు మెత్తటి బొమ్మలు, రెండు పాత చున్నీలు లేదా తువ్వాళ్లు, ఒక కాగితపు టేపు చుట్ట కావాలి. టేపుతో నేల మీద రెండు ఒడ్లు గీయాలి. ఆ పనిలో పిల్లల్ని కలుపుకోండి, నది ఎంత వెడల్పో వాళ్లనే తేల్చనివ్వండి. ఒడ్ల మధ్య చతురస్రాలే రాళ్లు. రాయికీ రాయికీ మధ్య మూడేళ్ల పిల్లలకు సుమారు 30 సెంటీమీటర్లు, అయిదేళ్లవాళ్లకు 50 దాకా పెట్టవచ్చు. మరీ దగ్గరైతే రెండు నిమిషాల్లో విసుగు, మరీ దూరమైతే ఏడుపు. ఒక చివర రెండు కుర్చీల మీదుగా దుప్పటి వేస్తే గుహ. నాలుగు బొమ్మలూ ఆ గుహలో చిక్కుకున్న జంతువులు. అట్టపెట్టె పడవ. నీళ్లు పెరుగుతున్నాయి, జంతువుల్ని ఇవతలి ఒడ్డుకు చేర్చాలి. ఇంతవరకే మీ పని. పడవ ఎవరు లాగుతారు, మొసలి ఎవరు, మూడో కుర్చీ ఏమిటి అన్నవి వాళ్ల పని.

చెడిపోయేవి ఇవి. రాళ్లకు బదులు దిండ్లు పెడితే నున్నటి గచ్చు మీద కాలు వేయగానే జారతాయి. మేజోళ్లతో ఆడినా అంతే, అందుకే ఒట్టి కాళ్లతో ఆడించాలి. అట్టముక్కల కింద జారని రబ్బరు గుడ్డ గానీ నాలుగు మూలలా టేపు గానీ ఉండాలి. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీలకు దుప్పటి కడితే ఒక పిల్ల లాగగానే కుర్చీతో సహా మీద పడుతుంది. బరువైన కుర్చీల వీపులు ఎదురెదురుగా పెట్టి, సీట్లు బయటివైపు ఉంచి, ఒక్కో సీటు మీద నాలుగైదు లావుపాటి పుస్తకాలు పెడితే కదలవు. దుప్పటిని ముడివేయకుండా క్లిప్పులతో పట్టిస్తే ఎవరైనా లాగినప్పుడు క్లిప్పు ఊడుతుంది, కుర్చీ పడదు. అట్టపెట్టెకు ఉండే ఇనుప పిన్నులు ముందే తీసేయాలి. టేపును రెండు రోజుల్లో పీకేయకపోతే జిగురు నేలకు పట్టుకుంటుంది.

సామాను గురించి ఇంకో మాట. కొనుక్కొచ్చిన ప్లాస్టిక్ డాక్టరు సెట్టు రెండేళ్ల పిల్లకు బాగుంటుంది, ఎందుకంటే అసలు వస్తువును పోలి ఉంటేనే ఆమె ఆటలోకి వస్తుంది. నాలుగేళ్లు దాటాక అదే సెట్టు ఆటను ఇరుకు చేస్తుంది, స్టెతస్కోపు ఎప్పటికీ స్టెతస్కోపే. ఒక చున్నీ మాత్రం కట్టు, నది, పాము, సీటు బెల్టు (నడుముకు మాత్రమే), రాణి గారి కొంగు ఏదైనా అవుతుంది. కళాకారుడు సైమన్ నికల్సన్ 1971లో చెప్పింది ఇదే. ఎలాగైనా మార్చుకోగల విడి భాగాలు ఎన్ని ఎక్కువ ఉంటే కల్పనకు అంత తావు ఉంటుంది. అయినా ఒకేసారి అన్నీ బయట పోయకండి. ఎనిమిది, పది వస్తువులు చాలు. మిగతావి పైన పెట్టి వారం తర్వాత మార్చండి.

సమయం దగ్గరే చాలా ఇళ్లూ బడులూ తప్పు చేస్తున్నాయి. పాత్రలు పంచుకోవడానికి, కుర్చీలు సర్దుకోవడానికి, ‘నేను కాదు నువ్వు మొసలి’ అని వాదించుకోవడానికే పది, పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ వాదనే సగం చదువు. 15 నిమిషాల, 30 నిమిషాల ఆట సమయాలను పోల్చి 1988లో ప్రచురించిన పరిశోధనలో, ఎక్కువ సమయం దొరికినప్పుడే పిల్లలు కలిసి నడిపే ఉత్తుత్తి ఆట పెరిగింది. తక్కువ సమయమే ఉందని తెలిసిన పిల్లలు పెద్ద కథ మొదలుపెట్టడమే మానేస్తారు. సర్దడంతో కలిపి ముప్పావుగంట ఇవ్వాలి. ముగిసే అయిదు నిమిషాల ముందు కథలోంచే చెప్పండి: ‘చీకటి పడుతోంది, ఆఖరి పడవ ఇదే’. సర్దడం కూడా కథలో భాగమైతే గొడవ తగ్గుతుంది. గది మరో పనికి అవసరం లేకపోతే గుహను అలాగే రేపటికి ఉంచండి. రెండోరోజు కథ ఎంత ముదురుతుందో చూస్తారు.

టీవీ ఆపేయాలి. ఎవరూ చూడకపోయినా సరే. 1 నుంచి 3 ఏళ్ల పిల్లలు ఆడుకుంటున్న గదిలో పెద్దల కార్యక్రమం నడుస్తుంటే, పిల్లలు దాన్ని అప్పుడప్పుడూ మాత్రమే చూసినా, ఒక్కో ఆట మీద నిలిచే సమయం తగ్గిందని 2008లో అమెరికాలో చేసిన పరిశోధన చూపించింది.

పెద్దవాళ్లు ఎంత దూరాన ఉండాలి? మొదట చూడండి. ఆట నడుస్తుంటే అడుగుపెట్టకండి. మూడేళ్లలోపు పిల్లలైతే, ఆట ఆగి చేతులు ఖాళీగా ఉంటే, లేదా ఒకే పని తిరిగి తిరిగి సాగుతుంటే చిన్న పాత్రతో లోపలికి వెళ్లండి. కెప్టెన్ పాత్ర తీసుకోవద్దు, దారి తప్పిన ప్రయాణికుడి పాత్ర తీసుకోండి. ‘నాకు ఈత రాదు, అవతలికి ఎలా వెళ్లాలండీ?’ అని ఒక్క చిక్కు పెట్టి, వాళ్లు దాన్ని విప్పడం మొదలుపెట్టగానే ‘అమ్మయ్య, చేరాను’ అని బయటికి వచ్చేయండి. ‘ఈ పడవ ఏ రంగు? ఎన్ని జంతువులున్నాయో లెక్కపెట్టు’ లాంటి ప్రశ్నలు వేయగానే మొసలి మాయమై విద్యార్థి మిగులుతాడు. ఫోన్ తీసి వీడియో పట్టినా అంతే, ఆట ఆగి ప్రదర్శన మొదలవుతుంది.

తగాదాలు వస్తాయి. ఒకే పిల్లవాడు రోజూ డ్రైవరై మిగతావాళ్లను ఆజ్ఞాపిస్తుంటే అతన్ని తిట్టాల్సిన పని లేదు, ఇంకో మంచి పాత్ర పుట్టించాలి. కండక్టరు ఈల వేస్తేనే బస్సు కదలాలి అన్న నియమం వస్తే అధికారం ఇద్దరి మధ్య పంపకమవుతుంది. చిన్నవాణ్ణి ఎప్పుడూ ఆటలో అరటిపండు చేసి పక్కన కూర్చోబెడతారు. వాడికి మాటలు అక్కర్లేని, కానీ లేకపోతే ఆట నడవని పని ఇప్పించండి, గేటు ఎత్తడం, గంట కొట్టడం లాంటిది. ‘అబ్బాయి వంట చేయకూడదు, అమ్మాయి పైలట్ కాకూడదు’ అన్న మాట వినిపిస్తే అక్కడికక్కడే, కథలోనే సరిచేయండి. పోట్లాట నటించే ఆటలను పూర్తిగా నిషేధించడం మాకు నచ్చదు. నవ్వులుంటే, పాత్రలు మారుతుంటే, దెబ్బ తగలకముందే చేయి ఆగిపోతుంటే అది ఆటే. ఒకరి ముఖం బిగుసుకుపోయినా, ఒక్కరే ప్రతిసారీ కిందపడుతున్నా, ‘ఆపు’ అన్నాక ఆగకపోయినా అది ఆట కాదు, వెంటనే మధ్యలోకి వెళ్లాలి. ‘ఆపు’ అంటే అందరూ ఆగాలి అన్న నియమం ఒక్కటి మొదటిరోజే పెట్టుకోవాలి.

ప్రమాదాల విషయంలో మాత్రం సర్దుబాటు వద్దు. మెడ చుట్టూ తాడు, చున్నీ, కేప్ ఏదీ కట్టకూడదు. రాజుగారి వస్త్రం కావాలంటే భుజాలకు క్లిప్పుతో పెట్టండి, లాగితే ఊడిరావాలి. మూడేళ్లలోపు పిల్లలున్న గదిలో చిన్న వస్తువులు ఉండకూడదు. బొమ్మల భద్రత పరీక్షలో వాడే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అందులో పూర్తిగా ఇమిడిపోయేది గొంతులో ఇరుక్కోగలదు. ఇంట్లో నాలుగున్నర సెంటీమీటర్ల కంటే చిన్నది వద్దు అనుకుంటే ఇంకా నయం. పాత రిమోట్‌ను ఫోనుగా ఇచ్చేముందు బ్యాటరీలు తీసేయండి. బిళ్ల బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం తీవ్రంగా కాలిపోతుంది, అలాంటి అనుమానం వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ప్లాస్టిక్ సంచులు, గాలి ఆడని మూత పెట్టెలు, పాత ఫ్రిజ్‌లు దాగుడుచోట్లు కాకూడదు. ‘కొండ’ ఎక్కాలనిపించే పుస్తకాల బీరువా, సొరుగుల బల్ల గోడకు బిగించి ఉండాలి. కిటికీ పక్కన సోఫా, కుర్చీ ఉంచవద్దు.

కొందరు పిల్లలు ఇలా ఆడరు. సిగ్గరులు చూస్తూ నేర్చుకుంటారు, వాళ్లకు కెమెరామన్ పాత్రో కాపలాదారు పాత్రో ఇస్తే అంచున ఉంటూనే ఆటలో ఉంటారు. చక్రాల కుర్చీ వాడే పిల్లకు ఆ కుర్చీయే ఓడ కావచ్చు, కానీ అది తాను ఒప్పుకుంటేనే. రాళ్ల మధ్య దారి కుర్చీ పట్టేలా 90 సెంటీమీటర్లు వదలండి. చూపు లేని పిల్లకు ఒడ్డు తెలిసేలా టేపు కింద తాడు పెడితే పాదానికి తగులుతుంది. పద్దెనిమిది నెలల నుంచి రెండేళ్ల మధ్య ఉత్తుత్తి చేష్టలు అసలు కనిపించకపోవడమే కాక, పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, కావాల్సినదాన్ని వేలితో చూపించకపోవడం కూడా ఉంటే పిల్లల డాక్టరుకు చూపించాలి. ‘ఎదిగితే అదే వస్తుంది’ అని ఏడాది ఆగితే, తొందరగా అందాల్సిన సాయం ఆలస్యమవుతుంది.

ఆడుకునే హక్కు పిల్లలకు ఉందని ఐక్యరాజ్య సమితి 1989లో బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో రాసింది. దాన్ని తరగతి గదిలోకి తేవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. పూర్వ ప్రాథమిక బడులు నడిపేవారిని మేము అడిగేవి మూడే. టైంటేబుల్‌లో రోజూ ముప్పావుగంట ఒకే ముక్కగా ఈ ఆటకు కేటాయించండి, మూడు పావుగంటలుగా కాదు. తరగతిలో బల్లలు ఒక పక్కకు జరిపి రెండున్నర మీటర్ల నేల ఖాళీ చేయండి. ఆ సమయంలో టీచరు నోటుపుస్తకాలు దిద్దకుండా, పిల్లలు ఏ మాటలు వాడుతున్నారో, ఎవరు పక్కకు ఉండిపోతున్నారో రోజుకు ఇద్దరు పిల్లల చొప్పున రాసుకునేలా చూడండి. ఇరవైమంది ఉన్న తరగతిలో పది పనిదినాలకు అందరి గురించీ ఒక పేజీ చొప్పున తయారవుతుంది. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల కాగితంతో పాటు ఆ పేజీ కూడా ముందు పెట్టండి.

మీ పత్రిక పిల్లల పేజీలో రంగులు వేసే బొమ్మ పక్కన, వారానికొక గది ఆట సామాన్ల జాబితాతో సహా వేస్తే చాలా ఇళ్లలో అది గోడకెక్కుతుంది. కావాలంటే మేము రాసి పంపగలం.

ఇట్లు,
పూర్వ ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులం